ఆటో హ్యాండిల్ పొట్టకు గుద్దుకుంటే లోపల ఏమవుతుంది: కంప్యూటర్ మోడల్ కట్టే పూర్తి విధానం

గోదావరి డెల్టాలో చాలా రోడ్లు కాలవ గట్ల మీదే నడుస్తాయి. ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క చేను, మధ్యలో రెండు బళ్లు తప్పుకోవడానికి సరిపోయీ సరిపోని తారు. ఆటోలు, ధాన్యం ట్రాక్టర్లు, చేపల లారీలు, స్కూలు పిల్లల సైకిళ్లు అన్నీ అక్కడే. రాత్రిపూట లైటు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రక్కును ఒక ఆటో వెనక నుంచి గుద్దిందనుకోండి. డ్రైవర్ లేచి నిలబడతాడు, బాగానే ఉందంటాడు, నీళ్లు తాగుతాడు. కాసేపటికి కళ్లు తిరిగి పడిపోతాడు. పొట్ట మీద కమిలిన గీత తప్ప బయట ఏమీ కనపడదు, లోపల కాలేయమో ప్లీహమో చిట్లి రక్తం పోతూ ఉంటుంది.

ఆ చిట్లడం ఎంత దెబ్బకు, ఏ కోణంలో, ఏ అవయవానికి జరుగుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టవచ్చు. ఆ పని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. కాకినాడ, భీమవరం, తాడేపల్లిగూడెం కాలేజీల్లో మెకానికల్, సివిల్ ఎం.టెక్. చేస్తున్నవాళ్లు, ప్రాజెక్టు కోసం వెతుకుతున్న బి.టెక్. చివరి ఏడాది పిల్లలు మనసులో ఉన్నారు. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి (వస్తువును ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కగట్టడం) ఒక కోర్సులో చదివి ఉంటే చాలు. వైద్యం తెలియక్కర్లేదు గానీ, వైద్యం తెలిసిన ఒకరు పక్కన ఉండాలి.

1. ప్రశ్నను చిన్నది చేసుకోండి

"ప్రమాదాల్లో అవయవాల గాయాలు" అని పెట్టుకుంటే ప్రాజెక్టు ఏడాదికి కూడా తెమలదు. ఒక బండి, ఒక మనిషి, ఒక దెబ్బ ఎంచుకోండి. నేను ఆటో డ్రైవర్ పొట్టకు హ్యాండిల్ తగలడాన్ని ఎంచుకోమంటాను. దానికి రెండు కారణాలు.

మొదటిది, ఈ పని మన రోడ్లకు కావాలి. కార్లకు భారత్ ఎన్‌క్యాప్ (కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే కార్యక్రమం) 2023 అక్టోబర్ 1 నుంచి ఉంది, ఆటో దాని పరిధిలో లేదు. రెండోది, ఇదే నా దృష్టిలో అసలు కారణం: హ్యాండిల్ అంటే ఒక కడ్డీ. కడ్డీతో పొట్ట మీద కొట్టి కొలిచిన పరీక్షలు లోకంలో ఉన్నాయి. వైద్య పరిశోధనకు దానం చేసిన మృతదేహాల మీద 1986లో కావనా బృందం, 2001లో వారెన్ హార్డీ బృందం ఇలాంటి పరీక్షలు చేశాయి. హార్డీ పరీక్షల్లో కడ్డీ వ్యాసం సుమారు 25 మి.మీ., దాని వెనక కదిలే బరువు 48 కిలోలు, వేగం సెకనుకు 6, 9 మీటర్లు. సరిచూసుకోవడానికి ప్రయోగం ఉన్న సమస్యనే మొదటి ప్రాజెక్టుగా తీసుకోండి. అది లేకపోతే తెర మీద రంగులు తప్ప మిగిలేది ఉండదు.

బండి కాలవలో పడటం, పల్టీలు కొట్టడం ఈసారికి వదిలేయండి. నీటిలో పడినప్పుడు ప్రాణం పోయే కారణాలు వేరు, లెక్కలూ వేరు.

2. కొలతలు రోడ్డు మీద, ఆసుపత్రిలో తీసుకోండి

ఆటో స్టాండుకు టేపు, వెర్నియర్ కాలిపర్ పట్టుకుని వెళ్లండి. హ్యాండిల్ గొట్టం వ్యాసం, సీటు నుంచి దాని ఎత్తు, డ్రైవర్ మామూలుగా కూర్చున్నప్పుడు పొట్టకూ హ్యాండిల్‌కూ మధ్య ఖాళీ, పొట్ట ముందు నుంచి వీపు దాకా మందం రాసుకోండి. అన్నల్ని "నడిపేటప్పుడు ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి" అని అడగాలి, లేకపోతే ఫొటోకు కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటారు. పక్కన ఇంకో మనిషిని ఎక్కించుకున్నప్పుడు డ్రైవర్ ఒక చివరకు జరుగుతాడు, అప్పుడు హ్యాండిల్ మధ్యభాగం అతని పొట్ట మధ్యకు ఎదురుగా ఉండదు. ఆ భంగిమనూ విడిగా కొలవండి. ఖాళీ బండి బరువు ఆర్‌సీ మీదే ఉంటుంది.

గాయాల వివరాలకు దగ్గరలోని వైద్య కళాశాలతో కలిసి పనిచేయండి. ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి, పేర్లు, నంబర్లు తీసేసిన సమాచారమే మీ చేతికి రావాలి. ప్రతి కేసులో మీకు కావలసింది మూడు: ఏ అవయవం, ఏ భాగం, ఏ గ్రేడు. కాలేయం, ప్లీహం, మూత్రపిండాలకు సర్జన్లు వాడే ఏఏఎస్‌టీ (అమెరికా గాయాల సర్జన్ల సంఘం) గ్రేడింగ్ 1 నుంచి 5 వరకు ఉంటుంది, 2018లో దాన్ని సవరించారు. సీటీ చూసిన రేడియాలజిస్టు ఆ గ్రేడు చెప్పగలరు. ప్రమాదం జరిగిన తీరుకు పోలీసులు నింపే ఐరాడ్ రికార్డు ఉపయోగపడుతుంది. ఐఐటీ మద్రాస్ రూపొందించగా ఎన్ఐసీ అమలు చేస్తున్న డేటాబేస్ అది. దాన్ని చూడటానికీ అనుమతి కావాలి.

3. కంప్యూటర్ తెరవకముందు కాగితం మీద లెక్క

ఈ మెట్టు దాటేసి నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి దూకేవాళ్లే ఎక్కువ. అరగంట పడుతుంది, చేయండి.

ఆటో, మనుషులు కలిపి 650 కిలోలు, వేగం గంటకు 40 కి.మీ., అంటే సెకనుకు 11.1 మీటర్లు అనుకుందాం. ఎదురుగా 10 టన్నుల లారీ బ్రేకు వేయకుండా ఆగి ఉంది. రెండూ అతుక్కుని కదిలాయనుకుంటే ఆటో వేగంలో మార్పు 11.1 × 10000 ÷ 10650, సెకనుకు సుమారు 10.4 మీటర్లు. ముందుభాగం నలిగేటప్పుడు ఆటో సగటున 15 జీ (గురుత్వ త్వరణానికి 15 రెట్లు) చొప్పున, అంటే సెకనుకు 147 మీటర్ల చొప్పున వేగం కోల్పోతుందనుకుంటే, సుమారు 39 సెం.మీ. నలిగి 71 మిల్లీసెకన్లలో లారీతో కలిసి కదిలే వేగానికి వస్తుంది.

డ్రైవర్‌కు సాధారణంగా బెల్ట్ ఉండదు. బండి ఆగుతున్నా అతని ఒళ్లు పాత వేగంతోనే ముందుకు పోతుంది. పొట్టకూ హ్యాండిల్‌కూ మధ్య 15 సెం.మీ. ఖాళీ ఉంటే, తగిలేటప్పుడు వాటి మధ్య వేగం 2 × 147 × 0.15 కు వర్గమూలం, అంటే 6.6 మీటర్లు. తగిలేది 45వ మిల్లీసెకను దగ్గర. ఖాళీ 25 సెం.మీ. అయితే వేగం 8.6 మీటర్లు.

ఈ రెండు సంఖ్యలను హార్డీ పరీక్షల వేగాల పక్కన పెట్టి చూడండి. 6కూ 9కీ మధ్యలోనే పడ్డాయి. అంటే మన సమస్యకు ఆ ప్రయోగాలు సరిపోతాయి. మీ కొలతలతో వేగం 12 దాటితే ఆ మాట చెప్పలేరు. అప్పుడు ప్రశ్నను మళ్లీ బిగించుకోవాలి.

4. మనిషి మోడల్

సీటీ స్కాన్ల నుంచి మొత్తం మనిషిని సొంతంగా కట్టాలని ఉత్సాహపడకండి, పెద్ద బృందాలకు ఏళ్లు పట్టిన పని అది. టయోటా వాళ్ల థమ్స్ మోడల్ 2000లో మొదలైంది. 2010లో వచ్చిన 4వ వెర్షన్‌లో లోపలి అవయవాలు వివరంగా చేరాయి. 2021 జనవరి నుంచి దాన్ని ఉచితంగా ఇస్తున్నారు, దరఖాస్తు చేసి షరతులకు ఒప్పుకోవాలి. వాహన కంపెనీలు కలిసి నడిపే జీహెచ్‌బీఎంసీ మోడల్ ఇంకొకటి. రెండింటిలోనూ వివరమైన మోడల్‌కు ఎలిమెంట్లు 20 లక్షల చుట్టూ ఉంటాయి. యూరప్‌లో తయారైన వివా ప్లస్ పూర్తిగా ఓపెన్ సోర్స్, సగటు స్త్రీ శరీరంతో మొదలుపెట్టి కట్టింది. అయితే మీరు చూడబోయే అవయవం అందులో విడిగా, సరిపడా వివరంగా ఉందో లేదో తెరిచి చూసుకున్నాకే ఎంచుకోండి.

ఒక అవయవం మీదే పనిచేయాలనుకుంటే చిన్న దారి ఉంది. త్రీడీ స్లైసర్‌తో సీటీ నుంచి కాలేయం ఆకారం తీసి, జీమెష్‌తో మెష్ (ఎలిమెంట్ల వల) చేసి, ఫెబియోలో లెక్క నడపవచ్చు. మూడూ ఉచితం. పద్ధతి చేతికి రావడానికి ఇది మంచి సాధన. కానీ సీటీ తీసేది పడుకోబెట్టి. కూర్చున్న మనిషిలో డయాఫ్రమ్, దానికింద కాలేయం కిందికి దిగుతాయి. ఆ తేడాను పట్టించుకోకపోతే హ్యాండిల్ తగిలే చోట ఏ అవయవం ఉందన్నదే మారిపోతుంది.

5. సాల్వర్, యూనిట్లు

దెబ్బ లెక్కలకు ఎక్స్‌ప్లిసిట్ సాల్వర్ (కాలాన్ని అతి చిన్న అడుగులుగా జరుపుతూ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) కావాలి. థమ్స్ ఎక్కువగా ఎల్‌ఎస్-డైనాలో నడుస్తుంది. విద్యార్థి వెర్షన్‌లో ఎలిమెంట్ల సంఖ్యకు పరిమితి ఉంటుంది కాబట్టి మీ కాలేజీ లైసెన్సు ఏమిటో ముందే కనుక్కోండి. 2022 సెప్టెంబర్‌లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన ఓపెన్‌రేడియోస్ ఎల్‌ఎస్-డైనా ఫైళ్లను చాలావరకు చదవగలదు. చదవలేని ఆదేశాలను హెచ్చరికల్లో చూపిస్తుంది, వాటిని ఒక్కొక్కటిగా చూడాలి.

యూనిట్లు కాగితం మీద రాసి గోడకు అంటించండి. మిల్లీమీటరు, మిల్లీసెకను, కిలో వాడితే బలం కిలోన్యూటన్లలో, ఒత్తిడి గిగాపాస్కల్స్‌లో వస్తుంది, కాలేయం సాంద్రత 1.06 × 10⁻⁶ అవుతుంది. మిల్లీమీటరు, సెకను, టన్ను వాడితే అదే సాంద్రత 1.06 × 10⁻⁹. మనిషి ఒక పద్ధతిలో, హ్యాండిల్ ఇంకో పద్ధతిలో ఉన్నా లెక్క ఆగదు, తప్పు జవాబుతో పూర్తవుతుంది.

6. కూర్చోబెట్టడం, కొలతలు మార్చడం

థమ్స్, జీహెచ్‌బీఎంసీల సగటు పురుషుడు సుమారు 175 సెం.మీ. ఎత్తు, 77 కిలోల బరువు. మీరు స్టాండులో కొలిచిన మనుషులతో పోల్చండి. తేడా ఉంటే కొలతలు మార్చడానికీ, డ్రైవర్ భంగిమలో కూర్చోబెట్టడానికీ పైపర్ అనే ఓపెన్ సోర్స్ సాధనం ఉంది. ఎత్తు ఒక్కటే మారిస్తే చాలదు. సన్నటి మనిషికి చిన్న పొట్ట ముందుకు వచ్చి ఉండటం మనవాళ్లలో మామూలే, కాబట్టి పొట్ట మందాన్ని విడిగా సరిచేయండి.

భంగిమ మార్చాక ఎలిమెంట్లు మెలిపడ్డాయేమో చూడండి, తుంటి దగ్గర, పొట్ట మడతల్లో ముఖ్యంగా. ఆ తర్వాత గురుత్వాకర్షణ ఒక్కటే పెట్టి కాసేపు నడిపితే మనిషి సీట్లో సర్దుకుంటాడు.

7. కణజాలం లక్షణాలు

ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి, మోడల్ విలువంతా ఈ మెట్టులోనే ఉంది.

కాలేయం ఉక్కులా ఒక సంఖ్యతో లొంగదు. మెల్లగా లాగితే ఎక్కువ సాగుతుంది, వేగంగా లాగితే తక్కువ సాగి ఎక్కువ ఒత్తిడి దగ్గర తెగుతుంది. 2010లో ఆండ్రూ కెంపర్ బృందం మనిషి కాలేయం ముక్కలను వేర్వేరు వేగాల్లో లాగి చూసింది. వేగం పెరిగే కొద్దీ తెగేటప్పటి సాగుడు సగటున 34 శాతం నుంచి 24 శాతానికి తగ్గింది, తెగేటప్పటి ఒత్తిడి సుమారు 40 కిలోపాస్కల్స్ నుంచి 61కి పెరిగింది. కాబట్టి వేగాన్ని లెక్కలోకి తీసుకునే నమూనా కావాలి. ఆగ్డెన్ లాంటి హైపర్‌ఎలాస్టిక్ (రబ్బరులా బాగా సాగే) నమూనాకు విస్కోఎలాస్టిక్ (వేగాన్ని బట్టి స్పందించే) భాగం కలిపి వాడతారు. మోడల్‌తో వచ్చిన విలువలను కళ్లు మూసుకుని ఒప్పుకోకండి. ఒక చిన్న ముక్కను కంప్యూటర్‌లో అదే వేగంతో లాగి, ప్రయోగపు గీతతో కలుస్తుందో లేదో చూడండి. ఈ పని ఒక సాయంత్రంలో అయిపోతుంది.

రెండో చిక్కు కంటికి కనపడదు. మెత్తటి అవయవాలు ఆకారం సులువుగా మారుస్తాయి, ఘనపరిమాణం మాత్రం దాదాపు మార్చుకోవు. ఆ విషయంలో అవి నీటితో సమానం, నీటి బల్క్ మాడ్యులస్ (ఘనపరిమాణం మార్పుకు ఎంత ఎదురొడ్డుతుందో చెప్పేది) 2.2 గిగాపాస్కల్స్. లెక్క త్వరగా తెమలాలని చాలామంది పాయిసన్ నిష్పత్తి (ఒకవైపు లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పేది) 0.495 పెట్టేస్తారు. షియర్ మాడ్యులస్ (ఆకారం మార్పుకు ఎంత ఎదురొడ్డుతుందో చెప్పేది) 10 కిలోపాస్కల్స్ అనుకుంటే, 0.495తో బల్క్ మాడ్యులస్ 1 మెగాపాస్కల్ దగ్గర తేలుతుంది. నీటికి రెండు వేల రెట్లకు పైగా తక్కువ! అలాంటి మోడల్‌లో ఆకారం మార్పు నమ్మదగ్గదే కావచ్చు, పీడనం సంఖ్య మాత్రం కాదు. పీడనంతో గాయం చెప్పాలనుకుంటే బల్క్ మాడ్యులస్‌ను నిజమైన విలువకు దగ్గరగా పెట్టి, పెరిగే కంప్యూటర్ సమయాన్ని భరించాలి.

కాలేయం పైపొరను పలుచని మెంబ్రేన్‌గా విడిగా పెట్టండి. చీలిక బయటికి వస్తుందా లోపలే రక్తం గడ్డకట్టి ఉంటుందా అనేది ఆ పొర మీద చాలా ఆధారపడుతుంది.

8. అవయవాల మధ్య హద్దులు

పక్కపక్క అవయవాలను గమ్ముతో అతికించినట్టు కలిపేస్తే పొట్టంతా ఒకే ముద్దగా కదులుతుంది. నిజంగా అవి జారతాయి, కొన్నిచోట్ల లిగమెంట్లతో, రక్తనాళాలతో కట్టుబడి ఉంటాయి. కాలేయం ముందుకు ఊగినప్పుడు ఆ కట్టు దగ్గరే చీలే అవకాశం ఉంది. జారే కాంటాక్టు పెట్టి, కట్టులను విడిగా నిలపండి. క్లోమం వెన్నుపూసకు ముందు అడ్డంగా ఉంటుంది, హ్యాండిల్ మధ్యలో తగిలితే రెండింటి మధ్యా నలుగుతుంది. అందుకే వెన్నుపూస ముందు భాగంతో కాంటాక్టు మరిచిపోకూడదు.

జీర్ణాశయం, పేగులు, మూత్రాశయం బోలు అవయవాలు. ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి నడపండి. పొద్దున్నే టిఫిన్ చేసి ఎక్కిన డ్రైవర్ పొట్ట, బేరం పోతుందని గంటల తరబడి మూత్రం ఆపుకున్న డ్రైవర్ పొట్ట ఒకేలా స్పందించవు.

9. ముందు పాత పరీక్ష, తర్వాతే మన ఆటో

ఆటోను పక్కన పెట్టి, హార్డీ పరీక్షను యథాతథంగా కంప్యూటర్‌లో కట్టండి: 25 మి.మీ. దృఢమైన కడ్డీ, 48 కిలోలు, సెకనుకు 6 మీటర్లు, వీపు వెనక ఆసరా లేకుండా కూర్చున్న మనిషి. కడ్డీ ఎంత లోపలికి దిగిందో, అప్పుడు బలమెంతో గీత గీసి, ప్రయోగాల్లో వచ్చిన గీతల పరిధితో పోల్చండి. 9 మీటర్లకూ అలాగే. కంటితో చూసి "బాగానే కలిసింది" అనకండి, రెండు గీతలు ఎంత కలిశాయో కొలిచే కోరా పద్ధతిలోనో ఐఎస్ఓ 18571 ప్రమాణం ప్రకారమో మార్కు లెక్కించండి. ఛాతీకి కూడా దెబ్బ చూడాలంటే 1970ల మొదట్లో క్రోల్ చేసిన పరీక్షలున్నాయి: 23.4 కిలోలు, సుమారు 150 మి.మీ. వ్యాసమున్న గుండ్రటి బిళ్ల.

ఒక హెచ్చరిక. బలం, లోతు కలిసినంత మాత్రాన కాలేయంలో సాగుడు సరిగా వచ్చిందని కాదు. రెండు తప్పులు ఒకదాన్నొకటి సరిచేసి బయటి గీత బాగా రావచ్చు. అందుకే 7వ మెట్టులోని ముక్క పరీక్ష, ఇక్కడి మొత్తం మనిషి పరీక్ష రెండూ గట్టెక్కాలి.

10. నడపడం, అనుమానించడం

టైమ్ స్టెప్‌ను అతి చిన్న ఎలిమెంటు నిర్ణయిస్తుంది. పక్కటెముకలో 2 మి.మీ. ఎలిమెంటు, ధ్వని వేగం సెకనుకు 3000 మీటర్లు అనుకుంటే ఒక అడుగు 0.67 మైక్రోసెకన్లు. 100 మిల్లీసెకన్ల దెబ్బకు లక్షన్నర అడుగులు. కరెంటు పోతే మొదటికి రాకుండా రీస్టార్ట్ ఫైళ్లు రాసే ఏర్పాటు చేసుకోండి. మన దగ్గర తుఫాను రోజుల్లో ఇది చాలా అవసరం.

లెక్క ముగిశాక ముందు శక్తి గీతలు చూడండి. మొత్తం శక్తి నిలకడగా ఉండాలి. అవర్‌గ్లాస్ శక్తి (ఎలిమెంట్ల కృత్రిమ వంకరలను ఆపడానికి ఖర్చయ్యేది) అంతర్గత శక్తిలో 10 శాతం దాటకూడదు, మొత్తానికే కాదు, కాలేయానికి విడిగా కూడా. మాస్ స్కేలింగ్‌తో (టైమ్ స్టెప్ పెంచడానికి కృత్రిమంగా బరువు కలపడం) చేరిన బరువు 5 శాతంలోపు ఉండాలి, అది కూడా ఏ భాగంలో చేరిందో చూడాలి. తర్వాత మెష్ సన్నగా చేసి ఒకసారి మళ్లీ నడపండి. జవాబు బాగా మారిందంటే మీ మొదటి జవాబు మెష్ చెప్పింది, కాలేయం చెప్పింది కాదు.

11. హ్యాండిల్ తిరిగి ఉంటే

ఆటోలో హ్యాండిల్ స్థిరమైన కడ్డీ కాదు, ఇరుసు మీద తిరుగుతుంది. ఎడమ అంచున ఆగి ఉన్న ట్రాక్టర్‌ను తప్పించబోయి డ్రైవర్ కుడికి తిప్పుతాడు. కుడికి తిప్పితే హ్యాండిల్ కుడి చివర ఒంటి వైపు వస్తుంది, అటే కాలేయం ఉంది. ఎడమకు తిప్పితే ఎడమ చివర వస్తుంది, అది ప్లీహం వైపు. కాబట్టి నేరుగా ఒకటి, కుడికి 15 డిగ్రీలు ఒకటి, ఎడమకు 15 డిగ్రీలు ఒకటి, కనీసం ఈ మూడు నడపండి. మోకాళ్లు ముందు రేకుకు తగలడాన్నీ ఉంచండి, అవి మోసిన బరువు పొట్ట మీద తగ్గుతుంది.

గొట్టం చివర గుచ్చుకునే దెబ్బ, కడ్డీ అడ్డంగా తగిలే దెబ్బ ఒకటి కావు. మనం సరిచూసుకున్నది రెండోదాన్నే. తిరిగిన హ్యాండిల్ ఫలితాలను ఒక మెట్టు తక్కువ నమ్మకంతో రాయండి, ఆ మాట రిపోర్టులో పైనే పెట్టండి.

12. గాయాన్ని చదవడం

మూడు కొలతలు పక్కపక్కన చూడండి. ఒకటి, పొట్ట ఎంత నలిగింది. 240 మి.మీ. మందంలో 96 దిగితే 40 శాతం. రెండు, ల్యూ, వియానో 1986లో వివరించిన విస్కస్ కొలత, అంటే ప్రతి క్షణం నలిగే వేగాన్ని నలిగిన భాగంతో గుణించి అందులో పెద్దది తీసుకోవడం. 40 శాతం దగ్గర వేగం 3 మీటర్లయితే 1.2. పక్క నుంచి గుద్దే పరీక్షల నిబంధనల్లో ఛాతీకి హద్దు 1.0, దాన్ని పొట్టకు నేరుగా అన్వయించకండి. మూడు, అవయవం లోపలి సాగుడు. ఒక్క ఎలిమెంటు 30 శాతం దాటిందని చీలిక ప్రకటించవద్దు. కాలేయం ఘనపరిమాణంలో ఎంత శాతం ఆ హద్దు దాటిందో లెక్కించండి, అది ఎక్కడుందో రేడియాలజిస్టు పంపిన కేసులతో పోల్చండి. విడిగా తీసిన కాలేయాల మీద 2007లో జరిగిన పరీక్షల్లో కణజాలంలో పీడనం, అది పెరిగిన వేగం గాయంతో బాగా కలిశాయి. ఆ దారి పట్టాలంటే బల్క్ మాడ్యులస్ గురించి చెప్పింది గుర్తుంచుకోండి.

కారుకు ఇదే పద్ధతి వాడాలంటే

అమెరికాలో గుద్దుడు పరీక్షల కోసం తయారైన కారు మోడళ్లు ఉచితంగా దొరుకుతాయి, 2010 టయోటా యారిస్ వాటిలో ఒకటి. అవి ఎడమ స్టీరింగ్ కార్లు. మన డ్రైవర్ కుడి పక్క కూర్చుంటాడు. బెల్టు కుడి భుజం మీద నుంచి ఎడమ తుంటికి వస్తుంది, ఎడమ కింది పక్కటెముకల మీద, అంటే ప్లీహం వైపు నొక్కుతుంది. డ్రైవర్ పక్క తలుపుకు గుద్దితే దెబ్బ కాలేయం వైపు. అక్కడ రెండూ తలకిందులు. కాబట్టి కారును అద్దంలోలా తిప్పండి, మనిషిని మాత్రం తిప్పకండి, తిప్పితే కాలేయం ఎడమకు పోతుంది. విదేశీ ఫలితాల్లో "డ్రైవర్‌కు ఈ అవయవం ఎక్కువ దెబ్బతింటుంది" అని ఉంటే దాన్ని కూడా ఇలా తిప్పి చదవాలి.

కోనసీమలో కారు పక్కకు జారి కొబ్బరిచెట్టుకు గుద్దడం మీ ప్రశ్న అయితే, ఐరాస నిబంధన 135లోని స్తంభం పరీక్ష దగ్గరగా ఉంటుంది: 254 మి.మీ. వ్యాసం, గంటకు 32 కి.మీ., 75 డిగ్రీల కోణం. చెట్టు మొదలు చుట్టుకొలత తీసి వ్యాసం లెక్కించి పోల్చుకోండి.

చివరగా, మార్చి చూడండి, రాసిపెట్టండి

మోడల్ నమ్మకం కుదిరాక దాన్ని పనిలో పెట్టాలి. హ్యాండిల్ మధ్యభాగానికి 25, 50 మి.మీ. ఫోమ్ తొడిగి నడపండి. గొట్టం చివరకు వెడల్పాటి రబ్బరు బిరడా పెట్టి నడపండి. డ్రైవర్‌కు నడుము బెల్టు పెట్టి నడపండి, అయితే అది తుంటి ఎముక దాటి పొట్ట మీదికి జారితే పేగులకు కొత్త ముప్పు వస్తుంది కాబట్టి బెల్టు ఎక్కడ నిలిచిందో ప్రతి రన్‌లో చూడండి. ఏది కాలేయంలో సాగుడు తగ్గించిందో, ఏది ఛాతీకి దెబ్బ పెంచిందో ఒకే పట్టికలో పెట్టండి.

రిపోర్టులో మోడల్ వెర్షన్, సాల్వర్ వెర్షన్, యూనిట్లు, మార్చిన ప్రతి విలువ, సరిచూసిన మార్కులు, కుదరని రన్లు అన్నీ ఉండాలి. థమ్స్ లాంటి లైసెన్సు మోడల్ ఫైళ్లను పంచకూడదు గానీ మీరు కట్టిన హ్యాండిల్, సీటు, కాంటాక్టుల ఫైళ్లు పంచవచ్చు. ఆటో స్టాండులో తీసుకున్న కొలతల పట్టికను కూడా వాటితోపాటే పెట్టండి, తర్వాతి బ్యాచ్ మళ్లీ ఖాళీ కాగితంతో మొదలుపెట్టనక్కర్లేదు.